నాలుగు సూదులు

కేన్సరు మీద ఏ పరిశోధనకు డబ్బివ్వాలో తేల్చడానికి నన్ను పిలిచారు. నవ్వకండి. ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు పడేసి లేతు మిషను ముందు నిలబడ్డవాణ్ణి. అప్పట్నుంచి ముప్పై ఎనిమిదేళ్లుగా ఇనుము తిప్పుతూనే ఉన్నాను. అయినా పిలిచారు.

పిలిచింది ఒక ట్రస్టు. జనం వేసే చందాలతో నడుస్తుంది. డాక్టర్లూ పరిశోధకులూ ఏడాదికోసారి దానికి దరఖాస్తులు పెట్టుకుంటారు. తొమ్మిదిమంది నిపుణులు వాటిని చదివి మార్కులు వేస్తారు. వాళ్లకు తోడు ముగ్గురు రోగులో, రోగుల ఇంటివాళ్లో కూర్చుంటారు. మాకు ‘అనుభవజ్ఞులు’ అని పేరు. నా భార్య క్లోమంలో పుట్టిన గడ్డ నన్ను అనుభవజ్ఞుణ్ణి చేసింది. ఇరవయ్యారేళ్ల కాపురం ఇవ్వని బిరుదు తొమ్మిది నెలల గడ్డ ఇచ్చింది.

నన్ను పట్టుకున్నది ట్రస్టు మేడమ్. ఆసుపత్రి హాల్లో కుర్చీల కోసం నేను కౌంటరువాడితో గొడవ పడుతుంటే చూసింది. గంటన్నర నుంచి మా ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మందుల కంపెనీవాడు మాత్రం రెండు కుర్చీల్లో తన బ్యాగు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ బ్యాగుకు ఏ కేన్సరని అడిగాను. అంతే. మేడమ్ వెనకాలే వచ్చి, “మాకు మీలాంటి నోరే కావాలండీ” అంది. ఆ నోటికి గిరాకీ వస్తుందని మా అమ్మ కూడా అనుకుని ఉండదు.

అప్పటికి మా ఆవిడకు రెండు రకాల మందులు ఎక్కించడం అయిపోయింది. రెండూ పనిచేయలేదు. పెద్ద డాక్టరు కాగితాలు సర్దుతూ, “ఇక మన దగ్గర ఏమీ లేదు. కొత్త మందు మీద పరీక్షలేవైనా మొదలైతే అందులో చేర్పిద్దాం” అన్నాడు. ఎప్పుడు మొదలవుతాయంటే, డబ్బు దొరికినప్పుడు అన్నాడు. డబ్బెవరిస్తారంటే, ఆ ట్రస్టు పేరే చెప్పాడు.

దరఖాస్తులు కవర్లో ఇంటికొచ్చాయి. పంతొమ్మిది. ఒక్కొక్కదానికి యాభై అరవై పేజీలున్నా మేం చదవాల్సింది ఒక్క పేజీనే. అది మామూలు మాటల్లో ఉండాలని రూలు. మేం మూడు సంగతులకు పదేసి మార్కులు వేయాలి: రోగులకు ఉపయోగమా, రాసింది అర్థమవుతోందా, రోగి భరించగలడా.

పదకొండోది క్లోమం మీద. రెండు మందులూ పనిచేయని నలభైమందిని తీసుకుని, కొత్త మాత్ర ఇచ్చి చూస్తారట. డబ్బు వస్తే రెండు నెలల్లో మొదలుపెడతారట.

ఆ కాగితం షాపుకు తీసుకెళ్లాను. షాపులో నేనూ నా బావమరిదీ ఇద్దరమే. వాడు మా ఆవిడకు తమ్ముడు. పదో తరగతి పాసైన గొప్పవాడు కాబట్టి మా బిల్లులన్నీ వాడే రాస్తాడు. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, నిలబడే చదివాడు.

“బావా, ఇది అక్క కోసమే రాసినట్టుందిరా దేవుడా!”

“మీ అక్క పేరేం లేదు అందులో.”

“నీ నోట్లోంచి ఒక్క మంచి మాటొచ్చిన రోజు మనం షాపుకు సెలవిద్దాం. పదికి పది వేసెయ్. మూడిట్లోనూ. ఇంకేం చూడకు.”

“చూడకుండా వేస్తే అది మార్కెలా అవుతుందిరా?”

“నువ్వు చూసి ఉద్ధరించిందేమిటి? మొన్న ఆ పుల్లీ చూసి చూసి అర మిల్లీ ఎక్కువ కోశావు.”

అది వాడు కోశాడు. సరే.

నేను చూశాను. పేజీ అడుగున నాలుగు లైన్లున్నాయి. మాత్ర గడ్డను తాకుతోందో లేదో తెలియడానికి నాలుగుసార్లు ముక్క తీస్తారు. మాత్ర మొదలుపెట్టక ముందోసారి, రెండు వారాలకు, ఆరు వారాలకు, పన్నెండు వారాలకు. గొంతులోంచి గొట్టం దింపి, పొట్ట గోడలోంచి సూది గుచ్చి తీస్తారు.

ఆ సూది మా ఆవిడకు రెండుసార్లయింది. మొదటిసారి తీసిన ముక్క చాల్లేదన్నారు, అందుకని మళ్లీ. మత్తు సగమే ఎక్కింది. రెండోసారి లోపలికి తీసుకెళ్తుంటే తలుపు పిడి పట్టుకుని వదల్లేదు. నర్సు ఒక్కో వేలూ విప్పింది. బయటికొచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు. మంచినీళ్లు కావాలన్నా చేత్తోనే చూపించింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె కాలిగోళ్లు తీస్తూ అడిగాను. వంగలేకపోతోందని ఆ పని నేనే చేస్తున్నాను.

“ఒక మాటడుగుతా, కోప్పడకు.”

“కోప్పడే ఓపికుంటే నీచేత గోళ్లు తీయించుకుంటానా? అడుగు.”

“ఒక కొత్త మందుంది. ఇంకా మొదలవలేదు. అందులో చేరితే మూడు నెలల్లో నాలుగుసార్లు ముక్క తీస్తారు.”

కాసేపు కిటికీలోంచి ఎదురింటివాళ్ల తీగ మీద ఆరేసిన బట్టలు చూసింది.

“గొంతులోంచేనా?”

“గొంతులోంచే.”

“మందు పనిచేస్తుందా?”

“తెలీదు. అది తెలుసుకోడానికే తీస్తారు.”

“ఒకసారైతే సరే. మరీ కాదూ కూడదంటే రెండు. నాలుగు మాత్రం నా వల్ల కాదు. ఆ గదిలోకి నాలుగుసార్లు నడిచి వెళ్లలేను. నెమ్మదిగా తియ్యి, చర్మం తెగుతోంది.”

నేను లేచి పెన్సిలు తీసుకుని ఆ లైన్ల పక్కన ‘నాలుగు వద్దు. రెండు చాలు’ అని రాశాను. నాలుగు చుట్టూ సున్నా చుట్టాను.

మా పనిలో అదే పద్ధతి. పార్టీ డ్రాయింగు తెస్తాడు. బేరింగు లోపలి కొలత ముప్పై ఉంటే, షాఫ్టు ముప్పై రెండని రాసి ఉంటుంది. తప్పు చుట్టూ సున్నా చుట్టి ఫోన్ చేస్తాం. “అవునా, తగ్గించెయ్యండి మేస్త్రీ” అంటాడు. తగ్గించి కోస్తాం, సాయంత్రానికి బండి కదులుతుంది. డ్రాయింగులో ఒక కొలత తప్పని మొత్తం పని చెత్తబుట్టలో పడేసినవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

మీటింగు నాలుగో అంతస్తులో. చలిమిషను గదిని వణికిస్తోంది. బల్ల మా షాపుకన్నా పొడవు. ఒక్కొక్కరి ముందు ఒక అట్టముక్క. నిపుణుల అట్టల మీద వాళ్ల చదువులు, మా అట్టల మీద అనుభవజ్ఞులు ఒకటి, రెండు, మూడు. నేను రెండు. ఒకటి రిటైరైన టీచరమ్మ. పదకొండేళ్ల కిందట రొమ్ము తీసేశారు, బతికి బట్టకట్టింది. ఈ కమిటీలో ఆమెకిది మూడో ఏడు. మూడు బస్సు కండక్టరు. పేగు కోసి పొట్టకు సంచీ తగిలించారు. దాన్ని తట్టి, “నా రెండో బ్యాగు. దీంట్లో మాత్రం చిల్లర ఉండదు” అని పరిచయం చేసుకున్నాడు.

పది దరఖాస్తులు గడిచాయి. ఊపిరితిత్తుల మీద ఒకాయన రాసిన మామూలు మాటల పేజీలో ఒక్క మామూలు మాట లేదు. కండక్టరు, “టికెట్టు వెనక షరతుల్లా ఉందండీ ఇది. జరిమానా కట్టేదాకా ఎవడూ చదవడు” అన్నాడు. నిపుణులు కూడా నవ్వారు. టీచరమ్మ నవ్వకుండా, అర్థమవుతోందా అన్న గడిలో ఎర్రసిరాతో ఒకటి వేసింది.

పదకొండు.

గడ్డల నిపుణుడు కళ్లద్దాలు తీసి, “క్లోమం మీద ఇంత పకడ్బందీ ఆలోచన నేనీ మధ్య చూడలేదు” అన్నాడు. లెక్కల డాక్టరని ఒకాయన ఉన్నాడు. ఎంతమంది మీద చూస్తే నిజం తేలుతుందో లెక్కగట్టడం ఆయన పని. “నాలుగుసార్లు ముక్క తీస్తున్నారు కాబట్టి ఫలితం గట్టిగా నిలబడుతుంది” అన్నాడు ఆయన. నిపుణుల మార్కులు తెర మీద పడ్డాయి. పంతొమ్మిదింట్లో రెండో స్థానం. డబ్బు నలుగురికి ఉంది.

రెండు నెలలంటే ఎనిమిది వారాలు. ఎనిమిది వారాలు ఆమె ఆగగలదు. ఈ మధ్య ఉదయంపూట కాస్త తింటోంది కూడా.

అధ్యక్షుడు మావైపు తిరిగాడు. రిటైరైన సర్జను, పెద్దాయన. “ఇది మీ ఇంటి విషయం కాబట్టి మీరే మొదలుపెట్టండి” అన్నాడు నాతో.

మొదలుపెట్టాను. మందు మంచిదే అయ్యుండొచ్చన్నాను. కానీ ఆ సూది ఎలా ఉంటుందో ఈ గదిలో ఎవరికైనా తెలుసా అని అడిగాను. మత్తు సగమే ఎక్కడం, తలుపు పిడి, నర్సు విప్పిన వేళ్లు, రెండు రోజుల మౌనం, అన్నీ చెప్పాను. బల్ల కింద టీచరమ్మ చెప్పు నా కాలి మీద పడింది. ముసలావిడ, పొరపాటున తగిలిందనుకుని కాలు లాక్కున్నాను. మళ్లీ పడింది. మళ్లీ లాక్కున్నాను.

“మూడు నెలల్లో నాలుగుసార్లు మనిషి భరించలేడండీ. ఒప్పుకోరు. మా ఆవిణ్ణి అడిగే చెబుతున్నా” అన్నాను.

తొమ్మిదిమంది పెన్నులు కింద పెట్టి నావైపే చూస్తున్నారు. జీవితమంతా చదువుకున్నవాళ్ల ముందు చేతులు కట్టుకుని, బిల్లు ఎప్పుడిస్తారండీ అని అడిగినవాణ్ణి. ఆ రెండు నిమిషాలూ నాకు తియ్యగా ఉన్నాయి. అబద్ధమెందుకు, ఇంకో నిమిషం సాగదీశాను కూడా.

“భరించగలరా అనేదానికి మీ మార్కు?”

“రెండు.”

“రెండేనా? ఆలోచించుకున్నారా?”

“నాలుగు సూదులకు రెండే వేస్తానండి.”

మేడమ్ రాసుకుంది. పెద్దాయన తలూపాడు. “చాలా విలువైన మాట చెప్పారు. దీన్ని పక్కన పెట్టేద్దాం. తర్వాత, పన్నెండు.”

తెర మీద పదకొండో లైను బూడిదరంగులోకి మారింది.

“పక్కన పెట్టడమేంటండీ?” అన్నాను. “రెండు చాలని అది రాసినవాళ్లకు ఫోన్ కొట్టండి. దిద్దేస్తారు.”

మేడమ్ మెల్లగా చెప్పింది. “అలా కుదరదండీ. రాసింది రాసినట్టే చూడాలి. ఒకరికి దిద్దుకోనిస్తే మిగతా పద్దెనిమిదిమందికీ ఇవ్వాలి కదా. అనుభవజ్ఞుల్లో ఏ ఒక్కరైనా భరించలేరని మూడుకన్నా తక్కువ వేస్తే, ఇక ఆ దరఖాస్తు ఈ ఏడాదికి లేనట్టే. రోగుల మాటకు విలువుండాలనే పెట్టుకున్నాం ఆ రూలు. మీకు పంపిన కవర్లో కూడా ఉంది.”

కవర్లో రూళ్ల పుస్తకం ఉన్నమాట నిజమే. ఇంట్లో బల్ల కాలు ఒకటి పొట్టిగా ఉంటే దాని కింద పెట్టాను.

“అయితే నా రెండు తీసేసి ఏడు వేసుకోండి.”

పెద్దాయన కోపంగా కూడా అనలేదు. “ఇప్పుడు మీరు చెప్పింది అబద్ధమా?”

“కాదు.”

“మరి?”

నోరున్నవాడినని పిలిచారు. పన్నెండోది చర్మం మీద. దానికి నేనేం వేశానో నాకు గుర్తులేదు.

టీ కోసం ఆపినప్పుడు టీచరమ్మ నా మీదికొచ్చింది. “కాలు తొక్కాను కదయ్యా! రెండుసార్లు!”

“పొరపాటున తగిలిందనుకున్నానమ్మా.”

“ముప్పై మూడేళ్లు క్లాసులో నిలబడ్డదాన్ని. నా కాలు పొరపాటున ఎవరికీ తగలదు.”

“నోటితో చెప్పొచ్చుగా?”

“మార్కు వేసేముందు మనలో మనం చెప్పుకోకూడదు, అదో రూలు. రూళ్లు చదవనివాడికి సైగలేం అర్థమవుతాయిలే.” చెంచా అందుకుని, “చక్కెర వెయ్యనా?” అంది. వద్దన్నాను. వేసింది.

గట్టెక్కిన దరఖాస్తుల తాలూకు మనుషులను మధ్యాహ్నం లోపలికి పిలిచి ప్రశ్నలడుగుతారట. అందుకని అందరూ ముందే వచ్చి వరండాలో కూర్చున్నారు. మేడమ్ వెళ్లి ఒకమ్మాయితో వంగి ఏదో చెప్పింది. ఆ అమ్మాయి కాగితాలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ముప్పై దాటి ఉండవు. జడ ముడేసి అందులో పెన్ను గుచ్చుకుంది. మెట్ల దగ్గర అందుకున్నాను.

“క్లోమం మీరేనా?”

“అవునండి. మీరు?”

“రెండేసినవాణ్ణి.”

తిడుతుందేమోనని నిలబడ్డాను. తిడితే బాగుండు.

“రెండు సూదులైతే సరిపోదామ్మా?” అన్నాను.

“సరిపోతుందండి. మొదట రెండే రాశాను. మా పెద్దసారు చూసి, రెండైతే లెక్కల నిపుణులు తిప్పికొడతారు, నాలుగు చెయ్యి అన్నారు.” పెన్ను జడలోంచి లాగి సంచిలో వేసుకుంది. “జబ్బు మీవాళ్లకా?”

“మా ఆవిడకి.”

“ఎలా ఉన్నారు?”

“వచ్చే ఏడాది దాకా ఆగమని చెబుతాలే. మళ్లీ పెడతారుగా?”

“పెడతానండి,” అంది. మెట్లు చూస్తూ అంది.

ఇంటికెళ్లేసరికి బావమరిది గుమ్మంలోనే ఉన్నాడు. షాపు ముందే మూసేసి వచ్చాడట. నా మొహం చూసి నవ్వు మింగేశాడు. లోపల మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. సూదుల మాట వచ్చేసరికి వాడు లేచి నిలబడ్డాడు.

“పదికి పది వెయ్యమన్నానా లేదా? అన్నానా లేదా బావా?”

“అన్నావు.”

“మరి నీ నోటికి ఏం తెగులు పుట్టింది? ఊరందరికీ న్యాయం చెప్పేవాడివా నువ్వు? మా అక్కని...”

నాలుగు వద్దని చెప్పింది మీ అక్కేరా అని నేను అనొచ్చు. అనలేదు. ఆమే అంది.

“ఆపరా. నేనే చెప్పాను నాలుగు వద్దని.”

వాడు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఒక చెప్పు సగమే తొడుక్కుని, ఈడ్చుకుంటూ.

లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాను. తనే మాట్లాడింది.

“నన్నడిగావు. నా సంగతి నేను చెప్పాను. ఇంకెవర్నడిగావు?”

“ఎవర్నీ లేదు.”

“నలభైమంది అన్నావు కదా. అందులో చంటిపిల్లల తల్లులుంటారు. నలభై సూదులైనా పొడిపించుకునేవాళ్లుంటారు. నేను ఎక్కనంటే నన్ను దింపెయ్యాలి. బస్సే ఆపేస్తారా ఎవరైనా?”

“ఆపేస్తారని నాకు తెలీదే. దిద్దుతారనుకున్నా.”

“నువ్వు మాట్లాడుతుంటే అందరూ విన్నారా?”

“విన్నారు.”

“పెన్నులు కింద పెట్టి?”

తలూపాను.

“అదే నచ్చుంటుంది నీకు,” అంది. కోపంగా కాదు. ఇరవయ్యారేళ్లు ఒక మనిషి పక్కన పడుకున్నాక వచ్చే గొంతుతో అంది. తర్వాత పక్కకు తిప్పమంది. తిప్పాను.

మీటింగైన పదిహేనో వారంలో మా ఆవిడ పోయింది.

మరుసటి ఏడు మళ్లీ కవరొచ్చింది. పైన ఉత్తరం. నిరుడు నేనిచ్చిన నిక్కచ్చి అభిప్రాయం కమిటీకి ఎంతో మేలు చేసిందట. ఈసారీ రమ్మన్నారు. బావమరిది చూసి, “చించెయ్” అన్నాడు. మాట్లాడుకోవడం మానేశాం గానీ పని గురించీ, చించే వాటి గురించీ మాట్లాడతాడు.

చించలేదు. రూళ్ల పుస్తకం ముందు చదివాను. రెండుసార్లు. తర్వాత దరఖాస్తులు బల్ల మీద పరిచి క్లోమం కోసం వెతికాను. ఇరవై రెండున్నాయి. అది లేదు. పేజీలు అంటుకున్నాయేమోనని మళ్లీ వెతికాను. మేడమ్‌కు ఫోన్ చేశాను.

“ఆవిడ పరిశోధన మానేశారండీ,” అంది. “నిరుడు డబ్బు రాకపోయేసరికి వాళ్ల చోట జీతం ఆగిపోయింది. ఏదో కంపెనీలో చేరారని విన్నాను.”

“ఆ పని వేరే ఎవరైనా అందుకున్నారా?”

“నాకు తెలిసినంతవరకు లేదండి. మీరొస్తున్నారుగా?” అంది.

వస్తానన్నాను. వెళ్లకపోతే నా కుర్చీలో ఇంకో నోరున్నవాడు కూర్చుంటాడు, రూళ్లు చదవనివాడు.

మొదటి దరఖాస్తు రక్తం మీద. నెలకోసారి వెన్నులో సూది, ఏడాది పాటు. పన్నెండు. భరించగలడా అన్న గడి దగ్గర పెన్సిలు ఆగిపోయింది. మర్నాడు షాపుకు పోకుండా ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రి హాలుకు వెళ్లాను. కుర్చీలు అవే, చాలడం లేదు.

చివర కూర్చున్న ఒకావిణ్ణి అడిగాను. ఏమీ అమ్మడం లేదని ముందే చెప్పాను. ఇలా వెన్నులో పన్నెండుసార్లు సూదంటే ఒప్పుకుంటారా అమ్మా?

“ఎక్కడ? ఎప్పట్నుంచి?” అందామె.

“ఇంకా లేదమ్మా. ఊరికే అడుగుతున్నా.”

“ఊరికే ఎవరడుగుతారు? మా ఆయన పేరు రాసుకోండి.”

పక్కాయన ఫైలు తీసుకుని లేచాడు. “ఏంటది, కొత్త మందా? మాదీ రాయండి.” ఆయన వెనక ఇంకో ఇద్దరు. ఒకామె అందరినీ తోసుకుంటూ వచ్చి, పన్నెండు కాదు ఇరవైనాలుగైనా సరే, మా పాపకు తొమ్మిదేళ్లు, చిన్నపిల్లల్ని తీసుకుంటారా అంది. నాకు తెలీదన్నాను. ఇది ఇంకా మొదలవలేదు, డబ్బు రావాలి, వస్తుందో రాదో తెలీదు, ఇరవై రెండింట్లో ఇదొకటి, నేను డాక్టర్ని కాదు, లేతు పనివాణ్ణి అన్నాను. గట్టిగానే అన్నాను. ఎవరూ వినలేదు. ఒకాయన నా చేతిలోని పెన్సిలు తీసుకుని కాగితం వెనక తనే రాసుకోవడం మొదలుపెట్టాడు.

కాగితం నిండింది. నేను మొదట అడిగినావిడ ఇంకా పక్కనే నిలబడి ఉంది. ఫోన్ నంబరు చెప్పింది. పెన్సిలు వెనక్కి తీసుకుని, మూలన ఖాళీ చూసి రాశాను. తప్పు పడిందేమో, ఒకసారి చదవండి అంది. ఒక్కో అంకే చదివాను. ఆమె వేళ్ల మీద సరిచూసుకుంది.